అక్షరం చక్కగా రాయకండి

బోర్డు రాయడం నేర్పమని పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులతో మొదటిరోజే నాకు పేచీ వస్తుంది. అక్షరం చక్కగా రాయకూడదు అంటాను నేను. చేతిరాత కుదురుతుందని ఆశపడి వచ్చినవాళ్ళకి ఆ మాట ఎలా మింగుడుపడుతుంది? అందుకని వాదన పెట్టుకోకుండా పిల్లవాడి చేతికి సుద్దముక్క ఇచ్చి, అచ్చులూ హల్లులూ రాయమంటాను. చక్కగానే రాస్తాడు. తర్వాత వాడి పేరే, అడుగు ఎత్తున, గోడకు ఆనించిన చెక్క మీద రాయమంటాను. రాసి, వీధి అవతలికి వెళ్ళి నించుని చూసి రమ్మంటాను. తిరిగొచ్చేటప్పుడు వాడి నడకలోనే తెలిసిపోతుంది. ఏ అక్షరానికి ఆ అక్షరం ముత్యమే. దండే కుదరలేదు.

నలభై ఏళ్ళుగా ఇదే నా పని. ఎనామిల్ డబ్బాలతో మొదలుపెట్టాను. ఫ్లెక్సులు వచ్చాక గోడలు తగ్గిపోయాయి. ఇప్పుడు పుస్తకాల అట్టలకీ శుభలేఖలకీ అక్షరాలు రాస్తున్నాను. ఇక్కడ నేనిచ్చే సలహాల్లో చాలావాటిని డ్రాయింగు మాస్టార్లు తప్పంటారు. నాకు కుంచె పట్టించిన గురువుగారు కూడా కొన్నిటికి ఒప్పుకునేవారు కాదు. అయినా చెప్తున్నాను. సరైనదని పేరుపడ్డ పద్ధతిలో నేర్చుకుని నేను పోగొట్టుకున్న ఏళ్ళు ఇంకొకరు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ఓనమాల వరస మరిచిపోండి

ఆ వరస బళ్ళో చదువుకు మంచిదే. కుంచె పట్టినవాడికి అది అడ్డం. మీరు ముందు నేర్చుకోవలసింది "వ" కాదు, పక్కపక్కన "వ", "మ". రెండిటి ఒళ్ళూ ఒకటే. "మ"కు కుడివైపు ఒక కొమ్ము లేచింది, అంతే తేడా. "వ" చివర మీ కుంచె కాస్త పైకి జారితే చదివేవాడు తడబడతాడు. "మ" కొమ్మును పొదుపుగా వేస్తే అప్పుడూ తడబడతాడు. "వ" ఎంత అందంగా వచ్చిందన్న ప్రశ్నే లేదు. "మ" నుంచి ఎంత దూరంలో ఉందన్నదే ప్రశ్న.

ఇంకొంచెం ముందుకు వెళ్ళండి. "క"కు కొమ్మిస్తే "కు", "స"కు ఇస్తే "సు". కొమ్ము కుడిపక్కన హాయిగా తగులుతుంది. "వ"కు కూడా అలాగే తగిలిస్తే ఏమవుతుంది? "మ" అయిపోతుంది. అందుకే "వు" రాసేటప్పుడు కొమ్మును అక్షరం అడుగున తగిలించి, అక్కడినుంచి కుడికి తిప్పుతాం. "పు", "ఫు"లకూ ఇదే ఏర్పాటు. ఒక కాగితం తీసుకుని "కు, సు, తు, పు, ఫు, వు" అని రాసి చూసుకోండి. ఇన్నేళ్ళుగా మీ చెయ్యి ఆ తేడా చూపిస్తూనే ఉంది, మీరే గమనించలేదు. నేనూ గమనించలేదు. పదేళ్ళు బోర్డులు రాశాక, ఒక మధ్యాహ్నం పూలకొట్టుకు "పువ్వులు" అని రాస్తుంటే కుంచె మధ్యలో ఆగిపోయింది. ఒక అక్షరం రూపాన్ని దాని పొరుగు అక్షరం నిర్ణయించిందని ఆరోజు తెలిసింది. నా చదువు అక్కడ మొదలైందని ఇప్పటికీ అనుకుంటాను.

"ర", "ఠ" ఇంకో జంట. తేడా పొట్టలో ఒక్క చుక్క. "మిఠాయి" అని బస్టాండు ఎదుట పెద్ద బోర్డు రాస్తే, దగ్గరికి కనిపించే ఆ చుక్క రోడ్డు అవతలినుంచి మాయమైపోతుంది. చుక్కను పెద్దది చేస్తే పొట్ట పూడిపోతుంది. కాబట్టి "ఠ"నే కాస్త వెడల్పు చేసి చుక్కకు చోటివ్వాలి. అలా చేశాక అదే బోర్డులో ఉన్న "ర"లన్నీ పిసరంత సన్నబడాలి, లేకపోతే అవి బోసిగా కనిపిస్తాయి. ఒక్క చుక్క కోసం బోర్డంతా సర్దుకోవాలి. ఈ పని విసుగనిపిస్తే ఇంకేదైనా వృత్తి చూసుకోవడం మంచిది. ఇది కోపంతో చెప్పే మాట కాదు.

సమానంగా పంచకండి

నాకు పదిహేడేళ్ళు. గురువుగారు ఊరికి వెళ్ళారు. ఒక బట్టల కొట్టుకు ఆరడుగుల రేకు మీద "వస్త్రాలయం" అని రాసే పని నాకు అప్పగించారు. నాలుగే అక్షరాలు. ఆరడుగుల్ని నాలుగు పాళ్ళు చేస్తే ఒక్కోదానికి అడుగున్నర. టేపుతో కొలిచి, సుద్దదారం కొట్టి, గడికొక అక్షరం చొప్పున కూర్చోబెట్టాను. పసుపు మీద ఎరుపు. ఎక్కడా ఒక్క నూలు తేడా లేదు. నిచ్చెన దిగి, ఎంత బాగా వచ్చిందో అనుకున్నాను.

కొట్టు యజమాని రోడ్డు మీదికి వెళ్ళి చూశాడు. "కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి గదా బాబూ, మరి విరిగినట్టుందేం?" అన్నాడు. నిజమే. "స్త్రా"కు కింద త ఒత్తు, ఎడమనుంచి చుట్టుకొచ్చిన క్రావడి, పక్కన దీర్ఘం. ఇరుకింట్లో పెద్ద సంసారంలా ఉంది. పక్క గడిలో "ల" ఒక్కటే, అటూ ఇటూ బోలెడు రేకు మిగిలి ఉంది. చివరి గడిలో "య" కొమ్మును సున్న ఒరుసుకుంటోంది. చదివేవాడి కన్ను "వస్త్రా" దగ్గర ఆగి, "ల" దగ్గర మళ్ళీ ఆగి, చివరికి "యం"లో పడుతోంది.

సాయంత్రం గురువుగారు బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చారు. ఇంకా తడి ఆరని "ల"ను టర్పెంటైన్ గుడ్డతో ఆయనే తుడిచేశారు. "యం" కూడా తుడిచారు. "స్త్రా" దీర్ఘాన్ని కాస్త కుడికి సాగదీసి, దాని సందులోకి "ల"ను తోసి, మిగిలిన చోటంతా "యం"కు ఇచ్చారు. టేపు ముట్టుకోలేదు. "అక్షరాలు రాయకురా, వాటి మధ్యనున్న రేకు రాయి" అన్నారు. ఆ మాట ఇప్పుడు నా శిష్యులకి రోజూ చెప్తాను, దానికి నా లెక్క ఒకటి చేర్చి. అక్షరాల మధ్య ప్రతి ఖాళీలోనూ బియ్యం పోశారనుకోండి. ఎక్కడ పోసినా గిద్దెడే పట్టాలి. ఖాళీ సన్నగా పొడుగ్గా ఉండొచ్చు, వెడల్పుగా పొట్టిగా ఉండొచ్చు. పట్టే బియ్యం మాత్రం ఒకటే. అలా ఉన్న బోర్డును టేపుతో కొలిస్తే ఏ రెండు దూరాలూ ఒకటి కావు.

తెలుగులో ఈ లెక్క పక్కలకే కాదు, కిందికీ పైకీ కూడా ఉంది. రెండు వరసల బోర్డులో పై వరస ఒత్తులు కిందికి దిగుతాయి, కింది వరస గుడులూ ఏత్వాలూ పైకి లేస్తాయి. రెండూ ఢీకొంటాయని భయపడి వరసల మధ్య ఎడం పెంచేస్తారు చాలామంది. అప్పుడు రెండు వరసలూ రెండు బోర్డులైపోతాయి. నా సలహా ఎడం తగ్గించమని. కింది వరసను అంగుళం అటో ఇటో జరిపితే, ఒత్తు వచ్చి పడే చోట గుడి లేని అక్షరం ఒకటి దొరుకుతుంది. పళ్ళచక్రాల్లా ఒకదాని సందులో ఒకటి కూర్చుంటాయి. అలా కూర్చున్న రోజు నాకు భోజనం రుచిగా ఉంటుంది.

గీత కొట్టండి, దాటండి

గీతలు కొట్టవద్దని నేను అనడం లేదు. గీతకు లోబడవద్దంటున్నాను. గుండ్రని అక్షరం గీతను ఒక్క బిందువు దగ్గరే తాకుతుంది, కాబట్టి సరిగ్గా గీత దగ్గర ఆపితే పక్కదానికన్నా పొట్టిగా కనిపిస్తుంది. మన లిపిలో చాలావరకు గుండ్రనివే. అడుగు ఎత్తు అక్షరమైతే పొట్టను ఒక పావంగుళం గీత దాటనివ్వండి. ఇంగ్లీషు పెద్దక్షరాలకు రెండు గీతలు సరిపోతాయి. మనకు ఆ రెండు గీతల మధ్య ఉండేది నడుం మాత్రమే. తలకట్టు, గుడి, ఏత్వం పైన కావాలి, ఒత్తులు కింద కావాలి. రెండు గీతల్లో తెలుగును ఇరికించిన బోర్డులు ఊరినిండా ఉన్నాయి. వాటిలో ఒత్తులు బఠాణీ గింజల్లా కుంచించుకుపోయి ఉంటాయి. అవి చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఒత్తు అక్షరంలో భాగం, తోక కాదు.

రాస్తున్నది చదవకండి

మాటను చదువుతూ రాస్తే కన్ను అర్థం వెంట పోతుంది, ఆకారం వెనకబడుతుంది. సుద్దతో గీసుకున్నాక బోర్డును తలకిందులు చేసి చూడండి. అర్థం రాలిపోతుంది. నలుపు ఎక్కడ గుమిగూడిందో, ఎక్కడ చిల్లు పడిందో అప్పుడు తెలుస్తుంది. గోడను తిప్పలేం గదా అంటారా? గోడకు వీపు పెట్టి వంగి కాళ్ళ మధ్యనుంచి చూడండి. నేను ఈ వయసులోనూ చూస్తాను. తప్పులు మాత్రం ఇంకొకరి చేత చదివించి పట్టించుకోండి. రాసిన చేతికి తన అక్షరదోషం కనపడదు.

సొంత శైలి వెతక్కండి, కాపీ కొట్టండి

ఇరవై ఏళ్ళ కుర్రవాడు వచ్చి నా స్టైలు ఏమిటో తెలియడం లేదు సార్ అంటే నాకు జాలి కలుగుతుంది. తెలియకపోవడమే క్షేమం. ఒక గొప్ప చేతిని ఎంచుకుని, ఏడాదిపాటు దాని నీడలో నడవండి. తెలుగులో ఆ చెయ్యి ఎవరిదని అడగాల్సిన పనే లేదు. బాపుగారు, అంటే సత్తిరాజు లక్ష్మీనారాయణ, 1933లో నరసాపురంలో పుట్టి 2014లో మద్రాసులో కన్నుమూశారు. ఆయన రాత ఇప్పుడు ఫాంటుగా కంప్యూటర్లో ఉంది, సగం శుభలేఖలు అందులోనే వస్తున్నాయి. మీరు మాత్రం ఫాంటును కాపీ కొట్టకండి, చేతిని కొట్టండి. ఫాంటులో ప్రతి "ల"కూ ఒకటే ముఖం. పాత వారపత్రికల్లో ఆయన చేత్తో రాసిన కథల పేర్లు వెతికి పట్టుకోండి. పల్చటి కాగితం పరిచి, పెన్సిలుతో అనుసరించండి. ఒకే మాటలో "ల" రెండుసార్లు వస్తే, పక్కనున్నదాన్నిబట్టి రెండో "ల" కాస్త ఒదిగి కూర్చుంటుంది, లేదా కాస్త ఒళ్ళు విరుచుకుంటుంది. అక్షరం పక్కనే ఆయన బొమ్మ ఉంటుంది కదా, ఆ బొమ్మ జడనూ అక్షరం కొమ్మునూ కలిపి చూడండి. ఒకే గీత. రాసేటప్పుడు ఒక చెయ్యి, గీసేటప్పుడు ఒక చెయ్యి ఆయనకు లేవు.

రంగులకు వడ్డాది పాపయ్యగారిని తీసుకోండి. ఆయన వేసిన చందమామ అట్ట ఒకటి ముందు పెట్టుకుని, నీడల్లో ఎన్ని రంగులున్నాయో వేళ్ళు మడిచి లెక్కపెట్టండి. లెక్క తప్పుతుంది. మళ్ళీ పెట్టండి.

ఇదంతా దొంగతనం కాదా అని అడుగుతారు. మీ పేరుతో అమ్ముకుంటే దొంగతనమే. చెయ్యి తిరగడానికి చేస్తే అది సాధన. సంగీతం నేర్చుకునేవాడు గురువు పాడిందే పాడతాడు, ఎవరూ తప్పుపట్టరు. ఏడాది తర్వాత ఆ కాగితాలన్నీ కట్టగట్టి అటక మీద పడేయండి. అప్పటికీ మీ చేతిలో మిగిలిపోయి, బాపు రాతకు కుదరని ఏదో మొండితనం ఉంటుంది చూడండి, అది మీది.

రంగును డబ్బాలో చూసి కొనకండి

డబ్బా మూత మీదున్న రంగు అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం మీరు దాని పక్కన ఏం వేస్తారో అందులో ఉంటుంది. ఈ సంగతి మన పనివాళ్ళకు ఎప్పుడూ తెలుసు. శాస్త్రంగా రాసిపెట్టినవాడు మాత్రం ఒక ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు, షెవ్రూల్. పారిస్‌లో గోబెలాన్ అనే రాజుగారి నేతశాల ఉండేది, గోడలకు వేలాడదీసే బొమ్మల తివాచీలు నేసేవారు. 1824లో అక్కడ అద్దకం విభాగం ఆయన చేతికి వచ్చింది. వచ్చీరాగానే ఫిర్యాదులు. మీ నల్ల నూలులో పస లేదు, నీలం ఊదా గుడ్డల మడతల్లో నీడగా వేస్తే వెలవెలబోతోంది అని. ఆయన వేరేచోట్ల అద్దిన నల్ల నూలు తెప్పించి పక్కన పెట్టి పోల్చాడు. తన నలుపు ఎందులోనూ తీసిపోలేదు. తప్పు నలుపుది కాదు, పక్కనున్న నీలానిది. ఏ రంగైనా పొరుగు మీద తన ఎదురురంగు ఛాయ ఒకటి పడేస్తుంది. నీలం పక్కనున్న నలుపు మీద నారింజ ఛాయ పడి, చప్పబడింది. 1839లో ఆయన ఇదంతా పెద్ద పుస్తకంగా వేశాడు. ఆ తర్వాతి తరం ఫ్రెంచి చిత్రకారులు ఆ పుస్తకాన్ని బాగానే వాడుకున్నారు.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చేసి చూడండి. బూడిదరంగు కాగితం ఒకటి తీసుకుని అగ్గిపెట్టెంత ముక్కలు రెండు కత్తిరించండి. ఒకటి మంచి ఎర్ర చార్టు మధ్యలో, ఇంకొకటి పసుపు చార్టు మధ్యలో పెట్టండి. ఎరుపులో ఉన్న ముక్క ఆకుపచ్చకు తిరుగుతుంది. పసుపులోది నీలానికి తిరుగుతుంది. రెండూ ఒకే కాగితమని మీ చేత్తో మీరే కత్తిరించారు. అయినా కన్ను ఒప్పుకోదు. జోసెఫ్ ఆల్బర్స్ అనే ఆయన అమెరికాలో ఏళ్ళ తరబడి ఇలాంటి కాగితం ముక్కలతోనే పాఠాలు చెప్పి, 1963లో వాటిని పుస్తకంగా తెచ్చాడు. ఆయన శిష్యులు మొదట రంగు కుంచె ముట్టుకునేవారు కాదు. కత్తెరా కాగితమే. నేను కూడా మా పిల్లలకు ఆర్నెల్లు అదే చెయ్యిస్తున్నాను.

బోర్డు దగ్గరికి వచ్చేసరికి ఈ పాఠం ఇలా పనికొస్తుంది. నీలం అక్షరానికి నల్లనీడ వేయాల్సి వస్తే, ఆ నలుపులో ఒక చుక్క నీలం కలపండి. కలిపినప్పుడు మురికిగా అనిపిస్తుంది, నీలం పక్కన పెట్టగానే నిఖార్సైన నలుపవుతుంది. కుర్రవాళ్ళకు నచ్చే ఇంకో జోడీ ఉంది, ఎరుపు మీద నీలం. దగ్గరికి ధగధగలాడుతుంది. పది గజాల అవతల అంచులు వణికి, చదవడానికి కళ్ళు మంటలు పుడతాయి. మీకు ఏ రంగు బాగా ఇష్టమో ఆ రంగును బోర్డులో అన్నిటికన్నా తక్కువ వాడండి. ఇష్టమున్నచోట మన కన్ను తప్పు చూడదు.

రంగు ఎంత ఆలస్యంగా తన సంగతి చెప్తుందో తెలియాలంటే శ్రీకాళహస్తి వెళ్ళండి. కలంకారీ వేసేవాళ్ళ దగ్గర ఒక పూట నోరు మెదపకుండా కూర్చోండి. కోరా గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని జిడ్డు వల్ల గీత పాకదు. కలం అంటే వెదురుపుల్ల, మొనకు కొంచెం పైన ఉన్ని చుట్టి దారంతో బిగించి ఉంటుంది. ఆ ఉన్నిని వేళ్ళతో నొక్కితే రంగు మొనకు దిగుతుంది. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళే వాళ్ళ నల్లసిరా. కుండలో చూస్తే అది నలుపు కాదు, మడ్డినీళ్ళు. కలం గుడ్డకు తగలగానే కరక్కాయలోని వగరూ ఆ ఇనుమూ కలిసి గీత మీ కళ్ళముందే నల్లబడుతుంది. ఎరుపు ఇంకా విచిత్రం. ఎర్రగా కావలసిన చోట ముందు పటిక నీళ్ళతో రాస్తారు. గుడ్డ మీద ఏమీ ఉన్నట్టు ఉండదు. తర్వాత వేళ్ళూ చెక్కలూ వేసి కాచిన రంగునీళ్ళలో గుడ్డ మొత్తాన్ని ఉడికిస్తారు. పటిక పడ్డచోటే ఎరుపు పట్టి నిలుస్తుంది, మిగతాచోట ఉతుకుడులో పోతుంది. ఎరుపు వేసే మనిషి ఎరుపును చూడకుండా వేస్తున్నాడు. తెల్లటి గుడ్డ మీద వంగి, రేపటి ఎరుపును మనసులో పెట్టుకుని, రాముడి పంచె అంచు దగ్గర ఆగుతున్నాడు. ఆ చెయ్యి ఆగిన క్షణం చూస్తే, డబ్బా మూత చూసి రంగు కొనడం మీకే నామోషీ అనిపిస్తుంది.

చేర్యాల నకాశీ పటాలు కూడా చూడండి. గుడ్డకు సుద్దమట్టీ చింతగింజల బంకా పట్టించి, బొమ్మల వెనకంతా ఎరుపు నింపుతారు. బళ్ళో మనకు చెప్పిందేమిటి? వెనక చల్లని రంగు, ముందు వెచ్చని రంగు. వాళ్ళు తిరగేసి వేశారు. ఊరి మధ్య పటం విప్పి కథ చెప్తుంటే, ఆ ఎరుపు మీద పసుపు ఒళ్ళూ నీలం ఒళ్ళూ లేచి ముందుకొస్తాయి.

కళాచరిత్రను మొదటినుంచి చదవకండి

గుహల్లో మొదలుపెట్టి గ్రీసు, రోము, ఇటలీ మీదుగా వచ్చే పుస్తకం కొనుక్కుంటారు. ఇరవయ్యో పేజీలో నిద్ర వస్తుంది. మీ వీధిలో మొదలుపెట్టి వెనక్కి నడవండి. సగం వెలిసిన గోడ ప్రకటన ఒకటి ఉంటుంది, దాని తలకట్టు చూడండి. ఆ తలకట్టు ఎక్కడినుంచి వచ్చిందో వెతకండి. పక్కన కన్నడం బోర్డు పెట్టుకోండి. ఒకే లిపిలోంచి రెండూ విడిపోయాయి. చాలా అక్షరాల్లో ఒళ్ళు ఇప్పటికీ ఒకటే, తలే వేరు. మనది టిక్కు పెట్టినట్టు పైకి లేస్తుంది, వాళ్ళది అడ్డంగా పడుకుంటుంది.

పుస్తకాల్లోని రంగుల బొమ్మల్నీ నమ్మకండి. అచ్చులో తేడా వస్తుందని మాత్రమే కాదు, అసలు బొమ్మే మారిపోయి ఉండొచ్చు. వాన్ గో 1888లో వేసిన తన పడకగది బొమ్మలో గోడలు నీలం అని అందరం అనుకుంటాం. ఆయన తమ్ముడికి రాసిన ఉత్తరంలో గోడలు లేత ఊదా అని ఉంది. కలిపిన ఎరుపు ఏళ్ళ వెలుగుకు వెలిసిపోయి, నీలం మిగిలింది. ఆ నీలం గోడలో ఆయన మనసులోని దిగులు చదివినవాళ్ళు ఎందరో! గ్రీకు విగ్రహాలూ అంతే. మొదట రంగులు పూసినవే, రంగు రాలాక మిగిలిన తెల్లరాయిని యూరపు వాళ్ళు స్వచ్ఛత అని పూజించారు. లండన్‌లో 1930లలో పార్థినాన్ శిల్పాలను ఇంకా తెల్లగా చేద్దామని రాగి పనిముట్లతో గీకారు కూడా. అందుకే, దూరపు గొప్పవాటిని కాగితం మీద వంద చూసేకన్నా దగ్గరిది ఒకటి కళ్ళారా చూడండి. రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. 1925లో ఇరవై ఏడేళ్ళకే మశూచితో పోయిన మనిషి వేసిన రంగుల ఎదుట నిలబడవచ్చు. లేపాక్షి వెళితే వీరభద్రాలయం కప్పు మీది బొమ్మలన్నీ చూడాలని మెడ నొప్పి తెచ్చుకోకండి. చీరల అంచులు మాత్రమే చూసి రండి. రెండోసారి వెళ్ళినప్పుడు మొహాలు చూడొచ్చు.

పండితుల పుస్తకాలు చదవండి, కానీ పనివాడి కన్నుతో చదవండి. రోములో ట్రాజన్ చక్రవర్తి స్తంభం కింద 113వ సంవత్సరం నాటి అక్షరాలున్నాయి. ఇంగ్లీషు పెద్దక్షరాలకు అవే తల్లి. వాటి కాళ్ళ చివర చిన్న పాదాల్లాంటి గీతలు ఉలి పని వల్ల వచ్చాయని చాలాకాలం చెప్పుకున్నారు. ఎడ్వర్డ్ కాటిచ్ అనే అమెరికన్ ఫాదరీ, దీక్ష తీసుకోకముందు షికాగోలో సైన్‌బోర్డులు రాసినవాడు. ఆ రాతిని చూడగానే ఆయనకు కుంచె మలుపు కనిపించింది. చదును కుంచెతో ముందు రాసి, ఆ రాత మీదే ఉలి పెట్టారని 1968లో పుస్తకం రాశాడు. ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. మాలో ఒకడు, నిచ్చెనెక్కినవాడు, పద్దెనిమిది వందల ఏళ్ళ నాటి ఇంకొక నిచ్చెనవాణ్ణి గుర్తుపట్టాడు.

మన లిపి గుండ్రంగా ఉండడానికి తాటాకు కారణమంటారు. అడ్డగీత గీస్తే నార వెంట ఆకు చీలుతుంది కాబట్టి వంపులు తిరిగాయని. నేను దీన్ని సగమే ఒప్పుకుంటాను, రాతి మీద చీలే భయం లేకపోయినా అక్షరం గుండ్రబడుతూనే వచ్చింది. తాటాకులో నాకు నచ్చే సంగతి ఇంకొకటి. గంటంతో గీసినప్పుడు అక్షరం కనిపించదు. వట్టి గాటు. పైన మసి రుద్ది తుడిస్తే అప్పుడు పలుకుతుంది. కాళహస్తిలో పటికనీళ్ళు చూసినవాళ్ళకు ఇది కొత్తగా ఉండదు.

ఇలా వెనక్కి నడుస్తూ పోతే కడప జిల్లా కలమళ్ళ తగులుతుంది. రేనాటి చోళుడు ధనంజయుడి శాసనం, 575 నాటిదని లెక్క. మనకు దొరికిన తొలి తెలుగు శాసనం. మాటకూ మాటకూ మధ్య ఎడం వదలని కాలం అది. అక్షరం పక్కన అక్షరం, భుజం భుజం రాసుకుంటూ నడుస్తుంది. అంత దూరం వెళ్ళలేకపోతే మీ ఊరి పాత గుడి ప్రాకారంలో చూడండి, ఏదో ఒక శాసనపు రాయి చాలాచోట్ల ఉంటుంది. సున్నం కొట్టేసి ఉంటే గోకకండి. నీళ్ళు చల్లకండి, సుద్ద రుద్దకండి. మధ్యాహ్నం వెళితే ఎండ ఎదురుగా పడి రాయి బోసిగా ఉంటుంది, ఏమీ లేదని వెనక్కి వచ్చేస్తారు. సాయంత్రం ఐదు దాటాక, వెలుగు పక్కనుంచి వాలేటప్పుడు వెళ్ళండి. ముందు ప్రతి గాటులో ఒక సన్నటి నీడ చేరుతుంది. ఓ పది నిమిషాలు అలాగే నిలబడితే అక్షరాలు ఒకటొకటే రాతిలోంచి పైకి వస్తాయి. కాగితం తీసి, పొద్దుగూకేలోగా రెండే రెండు అక్షరాలు గీసుకోండి, మధ్యనున్న రాయితో సహా.